పింఛను తర్వాత ప్రశ్న: తెనాలి, బాపట్ల, రేపల్లెలలో మేధో వైకల్యం ఉన్న పెద్దల సంరక్షణ

తెనాలి నుంచి రేపల్లె వెళ్లే రైలు 2022 ఏప్రిల్ 4 దాకా ఒకే జిల్లాలో తిరిగేది. ఆ రోజు బాపట్ల జిల్లా ఏర్పడింది. రేపల్లె అందులో చేరింది, తెనాలి గుంటూరులోనే ఉండిపోయింది. సంరక్షణ గురించిన వ్యాసానికి జిల్లా సరిహద్దుతో పనేమిటి అనిపించవచ్చు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద మేధో వైకల్యం ఉన్న పెద్దవాళ్లకు చట్టబద్ధ సంరక్షకుణ్ణి నియమించేది స్థానిక స్థాయి కమిటీ. అందులో జిల్లా కలెక్టరు, రిజిస్టరైన స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి, ఒక దివ్యాంగుడు ఉంటారు. కాబట్టి తెనాలి తల్లి గుంటూరు వైపు, రేపల్లె తల్లి బాపట్ల వైపు చూడాలి.

హక్కు మాత్రం ఇద్దరికీ ఒకటే. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 5వ సెక్షన్ ప్రకారం సమాజంలో కలిసి బతికే హక్కు ప్రతి దివ్యాంగుడికీ ఉంది. ఫలానా చోటే ఉండాలని ఎవరూ నిర్బంధించకూడదు, ఇంటి దగ్గరి తోడ్పాటు సేవలు అందుబాటులో ఉండాలి. మన మూడు ఊళ్లలో ఆ సేవలన్నిటినీ మోస్తున్నది చాలావరకు అమ్మే. మండలాల్లోని భవిత కేంద్రాలు పిల్లల కోసం పెట్టినవి. ఉచిత విద్య హక్కు కూడా 18 ఏళ్లతో ఆగిపోతుంది. తర్వాత ఇల్లే బడి, ఇల్లే పని, ఇల్లే లోకం. తల్లిదండ్రులకు అరవై దాటాక ‘మా తర్వాత వీడి సంగతేంటి?’ అన్న మాట మొదలవుతుంది.

జాతీయ నమూనా సర్వే 76వ విడత (2018) అంకెలు ఈ దిగులుకు ఎదురు చెబుతున్నట్టు కనిపిస్తాయి. అన్ని రకాల వైకల్యాలూ కలిపి చూస్తే 62.1 శాతం మందికి సంరక్షకులు ఉన్నారు. అవసరమై కూడా దొరకనివాళ్లు 0.3 శాతమే. ఈ చిన్న అంకెను నేను అనుమానంతోనే చదువుతాను. మోకాళ్ల నొప్పులతో లేవలేని డెబ్బై ఏళ్ల తల్లి కూడా ఆ లెక్కలో ‘ఉన్న’ సంరక్షకురాలే. మనిషి ఉన్నారా లేదా అన్నదే ఆ అంకె చెబుతుంది. సంరక్షణ ఎలా ఉందో, ఇంకెన్నాళ్లు నడుస్తుందో దానిలో కనిపించదు. పైగా అది నమూనా సర్వే, పట్టణాల వారీ వివరాలు అందులో రావు.

మరి హాస్టల్ లాంటి పెద్ద గృహం కడితే సరిపోతుందా? ఆధారాలు అటు మొగ్గడం లేదు. ఢిల్లీ ప్రభుత్వ ఆశా కిరణ్ గృహంలో 2024 జూలై ఒక్క నెలలోనే పది మందికి పైగా చనిపోయారు. ఇక చిన్నదైతే చాలా అంటే, అదీ కాదు. ఇంగ్లండ్‌లో బ్రిస్టల్ దగ్గరి వింటర్‌బోర్న్ వ్యూ 24 పడకల ప్రైవేటు ఆసుపత్రి. అధికారిక తనిఖీల వ్యవస్థ కిందే నడిచింది. అయినా అక్కడి హింస 2011లో బీబీసీ రహస్యంగా చిత్రీకరించాకే బయటపడింది. కోజ్మా, మాన్సెల్, బీడిల్-బ్రౌన్ 2009లో ప్రచురించిన సమీక్ష ప్రకారం, పెద్ద సంస్థల కంటే సమాజం మధ్యలోని చిన్న ఇళ్లలో ఫలితాలు ఎక్కువ అంశాల్లో మెరుగు. ఇబ్బందికర ప్రవర్తన, మానసిక మందుల వాడకం వంటి వాటిలో మాత్రం తేడా అంత స్పష్టంగా లేదు. ఒకే రకం ఇళ్ల మధ్య కూడా నాణ్యత బాగా మారుతుందని, సిబ్బంది రోజూ చేసే పనే అందుకు ముఖ్య కారణమని జిమ్ మాన్సెల్ బృందం పదేపదే చూపించింది. అన్నం వండి పెట్టడం వేరు, బియ్యం కడిగే పనిలో పక్కన నిలబడి సాయం చేయడం వేరు. ఈ అధ్యయనాలు ఎక్కువగా సంపన్న దేశాలవి. జీతమిచ్చి పెట్టుకున్న సిబ్బంది ఉన్న ఇళ్ల ఫలితాలను మన ఉమ్మడి వంటింటికి నేరుగా అన్వయించలేం.

అన్వయించగలిగినది ఒకటుంది. స్వతంత్ర జీవనంపై ఐక్యరాజ్యసమితి దివ్యాంగుల హక్కుల కమిటీ 2017లో ఇచ్చిన 5వ వ్యాఖ్య ప్రకారం, వంద మందికి పైగా ఉండే సంస్థ అయినా, ఐదు నుంచి ఎనిమిది మంది ఉండే ఇల్లయినా, చివరికి సొంత ఇల్లయినా, దినచర్య మీద ఆ మనిషికి పట్టు లేకపోతే అది స్వతంత్ర జీవనం కాదు. ఈ కొలత సొంత కుటుంబాన్నీ వదలదు. మనవాళ్లకు మింగుడుపడని మాటే, కానీ అందులో న్యాయముంది. ముప్పై ఐదేళ్ల మనిషికి చొక్కా రంగు కూడా వేరేవాళ్లే ఎంచితే, ఎంత ప్రేమతో చేసినా అది ఎంపిక లేని బతుకే.

డబ్బు దగ్గర ఇది ఇంకా తేలిగ్గా కనిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి దివ్యాంగుల పింఛను 3,000 నుంచి 6,000 రూపాయలైంది. మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకు 15,000. నడవగలిగి, స్టవ్ దగ్గర, రోడ్డు మీద, బజారులో రోజంతా ఒకరు కనిపెట్టుకుని ఉండాల్సిన మనిషికి అవసరమయ్యే శ్రమ ఈ విభజనలో సరిగా పట్టుబడదు. 2024-25లో రాష్ట్రంలో ఉపాధి హామీ రోజు కూలి 300 రూపాయలు. అంటే 6,000 ఇరవై రోజుల కూలి. బిడ్డ కోసం తల్లి పని మానేస్తే దాదాపు ఆమె కూలికే సరి, తోడు మనిషిని పెట్టుకోవడానికి ఏమీ మిగలదు. అధిక తోడ్పాటు అవసరమైనవారికి సంరక్షకుల భత్యం గురించి 2016 చట్టం 24వ సెక్షన్‌లో ఉంది. ఆ పద్దు విడిగా అందితే తప్ప పింఛను ఆ మనిషిది కాదు, ఇంటిది. దాన్ని దుర్వినియోగం అనడం తొందరపాటు. కూలి ఇంట్లో ఎవరి డబ్బైనా ఒకే డబ్బాలో పడుతుంది. తల్లి పోయి, అన్న ఇంటికి మారాక అదే డబ్బా గురించి అడగాల్సి వస్తుంది.

అడిగే దారి చట్టంలో ఉంది. సంరక్షకుడు నియామకమైన ఆరు నెలల్లో ఆస్తుల జాబితాను, ఏటా ఆర్థిక సంవత్సరం ముగిశాక మూడు నెలల్లో లెక్కలను కమిటీకి ఇవ్వాలని నేషనల్ ట్రస్ట్ చట్టం 16వ సెక్షన్ చెబుతుంది. నిర్లక్ష్యమో, సొమ్ము కాజేయడమో జరిగితే అతణ్ణి తొలగించమని కోరవచ్చు. నాణ్యతను కొలవాలంటే నేను మొదట తెరవమనేది ఆ లెక్కల ఫైలు.

రెండోది తుపాను ప్రణాళిక. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. జనంతో నిండిన పునరావాస కేంద్రంలో, కొత్త మొహాల మధ్య, రోజువారీ మాత్ర దొరక్క, మేధో వైకల్యం ఉన్నవాళ్లు ఎలా ఉంటారో ముందే ఆలోచించిన ఇల్లు, ఆలోచించని ఇల్లు ఒకటి కావు. రేపల్లె, బాపట్ల తీరంలో ఇది అరుదైన ప్రమాదమేమీ కాదు.

మూడోది ఆ మనిషినే అడగడం. ఇందులో ఒక చిక్కుంది. సిగెల్మన్ బృందం 1981లోనే చూపించినట్టు, మేధో వైకల్యం ఉన్నవారు అవును-కాదు ప్రశ్నలకు తెలియకపోయినా ‘అవును’ అనే మొగ్గు ఎక్కువ. ‘ఇక్కడ బాగుందా?’ అని అమ్మ ముందే అడిగితే వచ్చే జవాబుకు విలువ తక్కువ. బొమ్మలు చూపించి రెండింటిలో ఒకటి ఎంచుకోమనాలి, అదే ప్రశ్నను తిప్పి అడగాలి, రెండు జవాబులూ పొసగుతున్నాయో చూడాలి. మాట రానివాళ్ల దగ్గర ఒక పూట కూర్చుని, పనుల్లో ఎంతసేపు పాలుపంచుకున్నారో, ఎంతసేపు గోడ వైపు చూస్తూ గడిపారో రాసుకోవాలి. పింఛనుతో ప్రతి నెలా గడప తొక్కే సచివాలయ ఉద్యోగికి ఈ పని అప్పగించాలన్న ఆలోచన ఆకర్షణీయంగానే ఉంటుంది. కానీ డబ్బు చేతిలో పెట్టేవాడి ముందు ఫిర్యాదు చేయడానికి ఏ కుటుంబమైనా జంకుతుంది. ఆ ఉద్యోగి మనిషిని కళ్లారా చూశానని నమోదు చేస్తే చాలు, ప్రశ్నలు వేసేవాళ్లు వేరే ఉండాలి.