పది ఎంబీ నుంచి టెరాబైటు దాకా

కరెంటు పోయినా ఫైళ్లు చెరిగిపోకుండా దాచిపెట్టే భాగం స్టోరేజ్. కొనేవాళ్లు దీన్ని ర్యామ్‌తో కలిపేయడం ఇప్పటికీ మామూలే. లాప్‌టాప్ అట్టపెట్టె మీద 16 జీబీ అని ఉంటే అది ర్యామ్, 512 జీబీ అని ఉంటే అది స్టోరేజ్. మెషీన్ ఆపగానే మొదటిది ఖాళీ అయిపోతుంది, రెండోది పదిలంగా ఉంటుంది.

మొదటి హార్డ్‌డిస్కు 1956లో ఐబీఎం వారి ర్యామ్యాక్ యంత్రంతో వచ్చింది. 24 అంగుళాల పళ్లేలు యాభై, బరువు టన్ను పైమాటే, పట్టేది 50 లక్షల అక్షరాలు. మన దగ్గర, హైదరాబాదులో 1967లో ప్రభుత్వ రంగ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ ఏర్పడింది. 1969 నాటి టీడీసీ-12 ఆ సంస్థ పేరుతో ముడిపడ్డ 12 బిట్ల కంప్యూటర్. అప్పట్లో కంప్యూటర్ అంటే ప్రభుత్వ సంస్థలకూ పరిశోధనశాలలకూ చెందిన సరుకు. 1983లో ఐబీఎం పీసీ ఎక్స్‌టీ 10 ఎంబీ హార్డ్‌డిస్కుతో వచ్చాక బల్ల మీద పెట్టుకునే మెషీన్‌కు సొంత గోదాము ఉండడం మామూలైంది. ఈనాటి సెల్‌ఫోనుతో తీసిన ఫొటోలు నాలుగైదు చాలు, అది నిండిపోవడానికి.

సొంత కంప్యూటర్లు కొనే రోజులొచ్చాక హైదరాబాదు వాళ్లు వెళ్లేది సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు, అంటే అందరూ పిలిచే సీటీసీకి. అసెంబుల్డ్ సిస్టమ్ కావాలంటే నగరంలో చాలామందికి ముందుగా గుర్తొచ్చేది అదే. ఒక మెషీన్ నుంచి మరోదానికి ఫైళ్లు మోసింది మొదట ఫ్లాపీలే: ఒక్కోటి 1.44 ఎంబీ. విండోస్ 95ను ఫ్లాపీల మీద అమ్మితే 13 అవసరమయ్యాయి. వాటిలో ఒక్కటి పాడైనా పని సగంలో ఆగిపోయేది. 700 ఎంబీ సీడీలు, ఆ తర్వాత పెన్‌డ్రైవ్‌లు వచ్చి వాటిని మూలకు నెట్టాయి.

ఇప్పుడు ఇంటికి కొనేవాళ్ల ముందు ఉన్నవి ముఖ్యంగా రెండు: హార్డ్‌డిస్కు, ఎస్‌ఎస్‌డీ. హార్డ్‌డిస్కులో పళ్లేలు నిమిషానికి 5,400 లేదా 7,200 సార్లు తిరుగుతాయి. వాటిపైన కొన్ని నానోమీటర్ల ఎత్తులో హెడ్ తేలుతుంది. కావలసిన చోటికి హెడ్ చేరి, పళ్లెం తిరిగి దాని కిందికి వచ్చేసరికి సుమారు పది మిల్లీసెకన్లు గడుస్తాయి. అంటే ఎంత ఉరికినా సెకనుకు సుమారు వంద చోట్లకే చేరగలదు. ఒకే పెద్ద వీడియో వరుసగా చదవాలంటే ఇబ్బంది లేదు. విండోస్ లేచేటప్పుడు వేలకొద్దీ చిన్న ఫైళ్లు అక్కడొకటి ఇక్కడొకటి కావాలి. పాత మెషీన్ "స్లో అయింది" అని ఫిర్యాదు చేసేవాళ్లలో చాలామందికి ఇబ్బంది అక్కడే, ప్రాసెసర్‌లో కాదు.

ఎస్‌ఎస్‌డీలో తిరిగేదేమీ లేదు. తోషిబాలో పనిచేసిన ఫుజియో మసువోకా 1980లలో కనిపెట్టిన ఫ్లాష్ మెమరీయే దానికి ఆధారం. చిన్న సెల్స్‌లో బంధించిన విద్యుదావేశమే సమాచారం.

దుకాణం ఇచ్చే కొటేషన్‌లో "512 ఎస్‌ఎస్‌డీ" అని ఒక్క వరుస రాసి ఊరుకుంటారు. అక్కడే ఆగి అడగాల్సింది చాలా ఉంది. సాటా రకమైతే వేగం సెకనుకు దాదాపు 550 ఎంబీ దగ్గరే ఆగుతుంది. ఎన్‌వీఎంఈ అయితే పీసీఐఈ నాలుగో తరంలో ఏడు వేల ఎంబీ దాకా వెళ్తుంది. రెండూ ఎం.2 ఆకారంలో దొరుకుతాయి కాబట్టి చూసి పోల్చుకోవడం కష్టం. ఎం.2 అన్నది ఆకారం పేరే, వేగం పేరు కాదు. మదర్‌బోర్డు స్లాటు ఏది తీసుకుంటుందో చూసుకోకపోతే కొన్న ఎస్‌ఎస్‌డీ పనిచేయకపోవచ్చు. మరో మాట, టీఎల్‌సీ అంటే ఒక సెల్‌లో మూడు బిట్లు, క్యూఎల్‌సీ అంటే నాలుగు. చవగ్గా దొరికే క్యూఎల్‌సీ పెద్ద ఫైళ్లు రాస్తుంటే కొంతసేపటికి బాగా నెమ్మదిస్తుంది. నిజానికి ఇంటి వాడకానికి సాటా, ఎన్‌వీఎంఈల తేడా కంటే హార్డ్‌డిస్కు, ఎస్‌ఎస్‌డీల తేడాయే పెద్దది.

ఎంత కొనాలన్నది తర్వాతి సంగతి. విండోస్ 11కే కనీసం 64 జీబీ కావాలి. ఆఫీసు పని, పిల్లల చదువు వరకే అయితే 512 జీబీ సరిపోతుంది. గేములు, వీడియో ఎడిటింగ్ ఉంటే టెరాబైటుకు తగ్గకూడదు. టెరాబైటు డిస్కు పెట్టాక విండోస్ 931 జీబీ అని చూపిస్తే కంగారు పడనక్కర్లేదు. తయారీదారు వెయ్యి చొప్పున లెక్కిస్తాడు, విండోస్ 1,024 చొప్పున.

హార్డ్‌డిస్కును పారేయాల్సిన పని లేదు. పెళ్లి వీడియోలు, ఫొటోలు దాచేందుకు జీబీ లెక్కన ఇప్పటికీ అదే చవక. ఎస్‌ఎస్‌డీని కరెంటు తగలకుండా ఏళ్ల తరబడి బీరువాలో ఉంచితే ఆవేశం కారిపోయి సమాచారం చెడవచ్చు. హార్డ్‌డిస్కుకేమో కింద పడితే గండం. కనుక కంప్యూటరులో ఒకటి, ఎక్స్‌టర్నల్ డిస్కులో ఒకటి, వీలైతే క్లౌడ్‌లోనో బంధువుల ఇంట్లోనో మూడోది ఉంచుకోవడం మేలు.

పాత మెషీన్ అమ్మేటప్పుడు క్విక్ ఫార్మాట్ చాలదు, తీసేసిన ఫైళ్లను తిరిగి లాగే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. హార్డ్‌డిస్కును పూర్తిగా తిరగరాయాలి, ఎస్‌ఎస్‌డీ అయితే తయారీ సంస్థ ఇచ్చే సెక్యూర్ ఎరేజ్ సాధనంతో తుడవాలి.