కాపలాదారుకి అంటించిన చీటీ

హెన్రియెట్టా లాక్స్ 1951లో బాల్టిమోర్‌లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో చనిపోయారు. అప్పటికి ఆమెకి 31 ఏళ్ళు. ఆమెని అడక్కుండా తీసిన కణాలు ‘హీలా’ పేరుతో ఇప్పటికీ ల్యాబుల్లో పెరుగుతున్నాయి.

చెడిన కణం విభజన చెందకుండా ఆపే కాపలా ప్రొటీన్ పి53. హీలా కణాల్లో దాని జన్యువు బాగానే ఉంది, ప్రొటీనూ తయారవుతుంది. కానీ హెచ్‌పీవీ-18 వైరస్ ప్రొటీన్ ఇ6, కణం సొంత ఎంజైమ్‌నే వాడుకుని, పి53కి యుబిక్విటిన్ అనే చీటీ అంటిస్తుంది. చీటీ పడ్డదాన్ని ప్రొటియాజోమ్ ముక్కలు చేసేస్తుంది. ఇ6 చేసే ఈ పని 1990లో బయటపడింది. చీటీల వ్యవస్థని కనిపెట్టిన హెర్ష్కో, చెహనోవర్, రోజ్‌లకి 2004లో నోబెల్ వచ్చింది.

క్యాన్సరంటే జన్యువులో రాత తప్పడమే అనుకుంటాం. ఇక్కడ రాత సరిగ్గానే ఉంది, చెరిపే చెయ్యే పరాయిదైంది. ఆ వైరస్‌కి 2006 నుంచి టీకా ఉంది.