కాలువ తవ్వినవాళ్ళు, తవ్వించినవాళ్ళు

జూపాడు బంగ్లా పేరు పత్రికల్లో కనిపించిందంటే అది సాధారణంగా పోతిరెడ్డిపాడు వల్లే. శ్రీశైలం నీళ్ళను రాయలసీమకూ మద్రాసుకూ మళ్ళించే హెడ్ రెగ్యులేటర్ ఈ మండలంలోనే ఉంది. ఆ నీళ్ళ మీద ఎంత రాద్ధాంతం జరిగిందో మనందరికీ తెలుసు. కానీ దానికి నూరేళ్ళకు పైగా ముందునుంచీ ఈ మండలం మీదుగా ఇంకో కాలువ పారుతోంది. కాగితాల మీద కర్నూలు-కడప కాలువ. ఊళ్ళవాళ్ళకు కేసీ కాలువ. దాని గురించి రాద్ధాంతాలేమీ లేవు కాబట్టి దాని కథ కూడా ఎవరికీ పట్టలేదు.

ప్రభుత్వం చేయాల్సిన పనిని బయటివాళ్ళకు అప్పగిస్తే ఖర్చు తగ్గుతుంది, నాణ్యత తగ్గదు అన్న మాట 1990లలో ప్రపంచబ్యాంకు మోసుకొచ్చిందని మనం అనుకుంటాం. ఆ మాట వయసు అంతకన్నా చాలా ఎక్కువ. కేసీ కాలువ ఆ మాట మీదే పుట్టింది.

1858లో లండన్‌లో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ ఏర్పడింది. తుంగభద్ర నీళ్ళను మళ్ళించి సాగుకూ, పడవలకూ పనికొచ్చే కాలువల వల వేయాలన్నది సర్ ఆర్థర్ కాటన్ ఊహ. అంత పెట్టుబడి సర్కారు ఖజానా నుంచి తీయడం ఇష్టంలేక పనిని కంపెనీకి అప్పగించారు. రైల్వేల పద్ధతే ఇక్కడా. కంపెనీ పెట్టే పది లక్షల పౌన్ల మీద ఏటా 5 శాతం వడ్డీకి ప్రభుత్వం హామీ ఉంది. లాభం వచ్చినా రాకపోయినా వాటాదార్లకు ఆ వడ్డీ అందాల్సిందే. లెక్క వేసి చూడండి. ఏడాదికి 50 వేల పౌన్లు. ఇరవై ఏళ్ళు చెల్లిస్తే అసలుకు సమానం. ఆ డబ్బు ఎవరిది? శిస్తు కట్టే రైతుది, ఉప్పు కొనుక్కునే ప్రతి ఇంటిది. రైల్వేల గురించి 1872లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందు సాక్ష్యమిచ్చిన విలియం మాసీ, భారత ప్రభుత్వంలో ఆర్థిక సభ్యుడుగా పనిచేసినవాడు, దాచకుండానే చెప్పాడు: వడ్డీకి హామీ ఉన్న పెట్టుబడిదారుడికి తన డబ్బు హుగ్లీ నదిలో పోశారా, ఇటుకలూ సున్నం అయిందా అన్నది పట్టదని.

మొదట అనుకున్న పెద్ద పథకంలో సుంకేసుల నుంచి కడపకు తవ్విన ఈ 190 మైళ్ళ కాలువ ఒక ముక్క మాత్రమే. తెచ్చిన డబ్బు ఆ ముక్కకే చాలలేదు. ప్రభుత్వం మళ్ళీ అప్పు ఇచ్చింది. 1871 నాటికి కాలువ తయారయింది గానీ ఆదాయం రాలేదు. నల్లరేగడి రైతులు నీళ్ళు తీసుకోలేదు. చరిత్ర పుస్తకాలు దీన్ని రైతుల మొండితనంగానో, రేగడి స్వభావంగానో చెప్తాయి. రేగడి సంగతి నిజమే, అది వానకే జొన్న పండించే నేల. నాకు మాత్రం ఇంకో ప్రశ్న తోస్తుంది. జొన్న మాని వరి వేస్తే నాట్లు ఎవరు వేయాలి, కలుపు ఎవరు తీయాలి? నీటి పన్ను లెక్కలో ఆడవాళ్ళ నడుము నొప్పి ఉండదు. ఇంట్లో ‘వద్దు’ అన్నవాళ్ళలో వాళ్ళూ ఉండి ఉంటారని ఊహించడానికి రుజువులు అక్కర్లేదనుకుంటాను.

1882లో ప్రభుత్వమే కంపెనీ దగ్గర కాలువను కొనుక్కుంది. ఒరిస్సాలో ఇలాంటి కంపెనీయే మొదలుపెట్టిన కాలువలను అంతకు పదేళ్ళకు పైగా ముందే కొనేసింది. ఆదా కోసం మొదలైన పనికి అలా వడ్డీ రూపంలో ఒకసారి, ధర రూపంలో ఇంకోసారి జనమే చెల్లించారు.

నేను చదువుకున్నది సాహిత్యం. కాబట్టి ఈ కథలో నన్ను ఆపింది అంకెలకన్నా ఒక క్రియాపదం. మనం ‘కాటన్ దొర ఆనకట్ట కట్టించాడు’, ‘కంపెనీ కాలువ తవ్వించింది’ అంటాం. ‘కట్టించు’, ‘తవ్వించు’. ఈ ప్రేరణార్థకంలో కర్తగా నిలిచేది పని చేయించినవాడు. చేసినవాళ్ళను వాక్యంలో చెప్పకపోయినా వ్యాకరణానికి లోటు లేదు. ఔట్‌సోర్సింగ్ అంటే ఈ ప్రేరణార్థకానికి ఇంకో అంతస్తు వేయడమే. ప్రభుత్వం కంపెనీ చేత చేయిస్తుంది, కంపెనీ మేస్త్రీ చేత చేయిస్తుంది, మేస్త్రీ కూలీల చేత. అడుగున ఉన్న ‘తవ్వు’ అన్న ధాతువు దగ్గరికి పోయేసరికి పేర్లు అయిపోతాయి.

ఆ అడుగున ఎవరున్నారు? మట్టిపనిలో మగవాడు తవ్వితే ఆడమనిషి గంపతో మోయడం వడ్డెర కుటుంబాల పద్ధతి. తవ్విన గుంత కొలిచి కూలి ఇచ్చేచోట గుంతకు ఒక్కటే లెక్క, అది మగవాడి చేతికి వస్తుంది. గంప ఎన్నిసార్లు గట్టెక్కిందో కొలిచే టేపు లేదు. స్త్రీశక్తి సంఘటన వాళ్ళు 1986లో తెలంగాణ పోరాటంలోని స్త్రీల జ్ఞాపకాలను ‘మనకు తెలియని మన చరిత్ర’గా తెచ్చినప్పుడు మాట్లాడటానికి ఆ స్త్రీలు బతికున్నారు. 1860ల కూలీలకు ఆ దారి లేదు.

ఆశ్చర్యం ఏమిటంటే, ఈ ప్రాంతంలో ఆడకూలికి విడిగా ఒక లెక్క స్పష్టంగా దొరికేది కరువు కాలంలో. 1876లో వానలు పోయాయి. ఖర్చు అదుపు చేయడానికి కలకత్తా ప్రభుత్వం పంపిన రిచర్డ్ టెంపుల్, 1877 జనవరిలో కరువు పనుల కూలిని మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణాకు కుదించాడు. అంటే సుమారు 450 గ్రాములు. ఆడవాళ్ళకు అంతకన్నా తక్కువ. మనిషి పని చేయగలిగే స్థితిలో ఉండాలి, ఖజానా మాత్రం ఖర్చు కాకూడదు. నేటి టెండరు భాషలో చెప్పాలంటే నాణ్యత తగ్గకుండా పొదుపు. మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ ఆ తిండితో మనిషి బతకడని గట్టిగా వాదించాడు. తర్వాత కూలి పెంచారు. 1871, 1881 జనాభా లెక్కల మధ్య కర్నూలు జిల్లా జనం దాదాపు నాలుగో వంతు తగ్గిపోయారు. కాలువ ఉండగానే.

లండన్‌లో మంచం మీద ఉండి ఇదంతా చదివిన ఫ్లోరెన్స్ నైటింగేల్ ఇండియాకు ఎన్నడూ రాలేదు. అయినా 1878లో రైతుల ఆకలి గురించీ అప్పుల గురించీ తీవ్రంగా రాసింది. నీటిపారుదల విషయంలో ఆమె కాటన్ పక్షం. ఒక స్త్రీ ఈ చర్చలోకి వచ్చింది, రైతు కోసం వాదించింది. గంప మోసిన ఆడమనిషి మాత్రం అక్కడా విడిగా కనిపించదు.

ఇక మన కాలానికి వద్దాం. 1997లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం సాగునీటి వ్యవస్థల రైతు యాజమాన్య చట్టం తెచ్చింది. కాలువల నిర్వహణ పదివేలకు పైగా నీటి సంఘాల చేతికి వెళ్ళింది. దీన్ని ప్రజాస్వామ్యం అన్నారు, ప్రభుత్వ ఖర్చు తగ్గుతుందనీ అన్నారు. ఓటు మాత్రం భూమి రికార్డుల్లో పేరున్నవాళ్ళకే. పట్టా మొగుడి పేరునో, మామ పేరునో ఉంటే పొద్దంతా మడిలో ఉన్న ఆడమనిషి రైతు కాదు. చాలాచోట్ల సంఘం అధ్యక్షుడే మరమ్మతుల కాంట్రాక్టరయ్యాడని పరిశోధకులు రాశారు. అంటే పై నుంచి కింది దాకా ‘చేయించేవాళ్ళే’.

ఆడవాళ్ళకు పిలిచి అప్పగించిన పని ఇంకొకటుంది. సుప్రీంకోర్టు 2001లో ఇచ్చిన ఆదేశాల తర్వాత, 2003 జనవరిలో బడుల్లో మధ్యాహ్న భోజనం మొదలైంది. వంట పొదుపు సంఘాల స్త్రీలది. బిల్లులు వచ్చేదాకా సరుకులు అప్పు తెచ్చేది వాళ్ళే. 2009లో కేంద్రం నిర్ణయించిన గౌరవ వేతనం నెలకు వెయ్యి రూపాయలు. జీతం అనరు. తల్లి వంట చేస్తే జీతమేమిటి అన్న పాత తర్కమే సర్కారు పద్దులో ఆదాగా మారింది. 1860లలో కంపెనీకి వడ్డీ హామీ. 2003లో సంఘానికి అప్పు హామీ కూడా లేదు.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా రాయలసీమలోనే ఉంది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఉపాధి హామీ పథకం కాంట్రాక్టర్లను నిషేధించింది. మస్టరులో ఎవరి పేరు వాళ్ళది, రేటు ఇద్దరికీ ఒకటే. ఆంధ్రప్రదేశ్‌లో ఆ పనిదినాల్లో సగానికి పైగా స్త్రీలవి. మేటులతో గొడవలు, ఆలస్యపు చెల్లింపులు అన్నీ ఉన్నాయి, కాదనను. కానీ మధ్యలో ‘చేయించేవాణ్ణి’ తీసేస్తే ఎవరు ముందుకొస్తారో అక్కడ కళ్ళారా కనిపించింది.

కేంద్ర జలసంఘం ఆఫీసులో ఏళ్ళ తరబడి తాత్కాలికంగా పనిచేసిన కొందరు, వాళ్ళలో ఊడ్చి తుడిచే ఆడవాళ్ళు ఉన్నారు, తమను క్రమబద్ధీకరించమని కేసు వేశారు. 2018లో ట్రిబ్యునల్ ఆ కేసు కొట్టేసింది. కొన్ని నెలల్లో వాళ్ళను తీసేశారు. ఆ పని ఏజెన్సీకి వెళ్ళింది. 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు వాళ్ళను వెంటనే తిరిగి తీసుకుని క్రమబద్ధీకరించమంది. అదే పనిని బయటివాళ్ళకు అప్పగించడమే ఆ పని అవసరం తీరలేదనడానికి రుజువని చెప్పింది. దేశంలోని నదులన్నిటి లెక్కలూ ఉండే ఆఫీసది. దాన్ని ఊడ్చినవాళ్ళు ఆ తీర్పులో పేర్లతో ఉన్నారు.