మద్రాసు టైము నుంచి పిన్నుదాకా

ప్రొద్దుటూరు, జమ్మలమడుగుల వాళ్లం రైలెక్కాలంటే ఎర్రగుంట్లకు పోయేవాళ్లం. పులివెందుల వాళ్లకు ముద్దనూరు. బ్రిటిషు కాలంలో మన రైళ్లకు టైము చెప్పింది మద్రాసు అబ్జర్వేటరీ. అది గ్రీనిచ్ కంటే 5 గంటల 21 నిమిషాల చిల్లర ముందుండేది. సంకేతం టెలిగ్రాఫు తీగ మీద వచ్చేది. 1906 జనవరి 1న ఐదున్నర గంటల ఇండియన్ స్టాండర్డ్ టైము వచ్చాక అందరం దాదాపు తొమ్మిది నిమిషాలు ముందుకు జరిగాం. ఎండ మాత్రం జరగలేదనుకోండి!

మా జేజినాయన రేడియో పిప్పులు విని హెచ్ఎంటీ వాచీ సరిచేసేవాడు. కీ బయటికి లాగి తిప్పితే ముల్లు తిరుగుతుంది, లోపలికి నొక్కి తిప్పితే స్ప్రింగు చుట్టుకుంటుంది. ఒకటే కీ, రెండు పనులు.

నేను రాసే లినక్స్ డ్రైవర్లలో నెట్‌వర్క్ కార్డు గడియారపు పిన్నులూ అంతే. 2011లో లినక్స్ 3.0 ఆ గడియారాలకు చోటిచ్చింది, ప్రధానంగా రిచర్డ్ కోక్రన్ అనే డెవలపర్ చలవతో. మొదట్లో డీపీ83640 అనే నెట్‌వర్క్ చిప్పుకు ఏ పిన్ను ఏ పనికో డ్రైవర్ లోడ్ చేసేటప్పుడే చెప్పాలి. మార్చాలంటే దింపి మళ్లీ ఎక్కించాల్సిందే. నాకైతే అది మొరటు పద్ధతి. 2014లో, లినక్స్ 3.15తో, నడుస్తుండగానే మార్చే వీలొచ్చింది. ఇంటెల్ ఐ210 కార్డుకు అలాంటి పిన్నులు నాలుగు. ఒకదానికి బయటి జీపీఎస్ తీగ తగిలిస్తే సంకేతం తాకిన క్షణాన్ని గడియారం నమోదు చేసుకుంటుంది. ఇంకోటి సెకనుకోసారి సంకేతం బయటికి పంపుతుంది. చిప్పుకు చేతకాని పని అడిగితే డ్రైవర్ మొహమాటపడదు, కాదంటుంది.