పిట్టల పహాణీ

మన ఇళ్లలో తారీఖు అనే మాట రెండు పనులు చేస్తుంది. తెలుగులో మాట్లాడుతుంటే "ఈ రోజు ఎన్నో తారీఖు" అని అడుగుతాం. ఉర్దూలోకి వెళ్లగానే అదే తారీఖ్ చరిత్ర అయిపోతుంది. చిన్నప్పుడు ఇది నాకు తమాషాగా ఉండేది. ఇప్పుడు అనిపిస్తోంది, ఆ రెండు మానేలూ ఒకటేనని. చూసినదాని పక్కన తారీఖు వేయకపోతే అది వట్టి కబురు. వేస్తే తారీఖ్.

సికింద్రాబాద్‌లో ఉండేవాళ్లు దీనికి మిసాల్ దూరం వెతకనక్కర్లేదు. 1897 ఆగస్టు 20న ఇక్కడే, బేగంపేటలో, డాక్టర్ రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూశాడు. ఆ దోమలు కుట్టింది హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని. కుట్టిన ఒక్కో దోమకు అతనికి ఒక అణా ఇచ్చారు. 1902లో రాస్‌కు నోబెల్ వచ్చింది. హుసేన్ ఖాన్ ఆ తర్వాత ఏ జిందగీ గడిపాడో ఎవరూ పట్టించుకోలేదు గానీ, పేరు మాత్రం పోలేదు. రాస్ రాసి పెట్టుకున్నాడు గనుక మిగిలింది.

ఇది జరిగిన 34 ఏళ్లకు మన నేల మీద ఇంకో రాత పని మొదలైంది. దాని గురించి మన మొహల్లాల్లో అడిగితే చాలామందికి తెలియదు. అది చేసిన మనిషి పేరు మాత్రం అందరికీ తెలుసు: సలీం అలీ. ఆయన్ని బొంబాయి ఆయనగానే ఎరుగుదుం. కానీ ఆయన రియాసత్ తర్వాత రియాసత్ తిరిగి చేసిన పక్షుల సర్వేలలో మొట్టమొదటిది మన హైదరాబాద్ రాజ్యంలోనే జరిగింది, 1931-32లో.

సలీం అలీ 1896 నవంబర్ 12న బొంబాయిలో సులేమానీ బోహ్రా ఖాందాన్‌లో పుట్టారు. మూడేళ్లు నిండేసరికి తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు. మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ, మామీ హమీదా బేగం పెంచారు. ఆ ఇంట్లో షికార్ షౌక్ ఉండేది. పిల్లవాడికి చిన్న ఎయిర్‌గన్ ఇచ్చారు. ఒకరోజు పిచ్చుకను కొట్టాడు. వంటకు ఇద్దామనుకుంటుంటే గొంతు మీద పసుపు మచ్చ కనబడింది. మామూలు పిచ్చుకకు అలా ఉండదే, మరి ఇది తినడం జాయజేనా? షక్ తీర్చుకోవడానికి మామ దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయనకూ తెలియక, చీటీ రాసిచ్చి బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ సెక్రటరీ మిల్లర్డ్ దగ్గరికి పంపాడు. మిల్లర్డ్ పసుపు గొంతు పిచ్చుక అని గుర్తుపట్టి, ఊరుకోకుండా అరలు అరలుగా దాచిన పిట్టల నమూనాలన్నీ పిల్లవాడికి చూపించాడు. ఈ వాకియా అందరూ చెప్పేదే. నాకు మాత్రం అందులో ఒక్క విషయం మరీ ఇష్టం: అది మొదలైంది హలాల్, హరామ్ మసలాతో. ముస్లిం ఇంటి పిల్లవాడు తప్ప ఇంకెవరూ ఆ సవాల్ అడగరు.

ఎక్కువమంది చెప్పని సంగతి ఇంకొకటుంది. పదేళ్ల వయసులోనే సలీం పిచ్చుక గూడు దగ్గర కూర్చుని నోట్స్ రాసుకున్నాడు. గూటి బయట కాపలా ఉన్న మగ పిచ్చుకను కొట్టేశాడు. ఆడది ఇంకో మగదాన్ని తెచ్చుకుంది. దాన్నీ కొట్టాడు. ఏడు రోజుల్లో ఎనిమిది మగ పిచ్చుకలు. చదువుతుంటే మనసు చివుక్కుమంటుంది. దాదాపు 60 ఏళ్ల తర్వాత ఆ నోట్స్‌ను పెద్దగా మార్చకుండానే అచ్చువేశారు.

పెద్దయ్యాక సలీం అలీ బొంబాయి మ్యూజియంలో గైడ్ లెక్చరర్‌గా చేశారు. తర్వాత బెర్లిన్ వెళ్లి ప్రొఫెసర్ స్ట్రెసెమాన్ దగ్గర పని నేర్చుకున్నారు. 1930లో తిరిగొస్తే నౌకరీ లేదు, పైసలు లేవని పోస్టే తీసేశారు. బీవీ తెహ్‌మీనాతో బొంబాయి రేవుకు ఆవలి ఒడ్డున కిహీం అనే పల్లెలో మకాం పెట్టారు. అక్కడ గిజిగాడి గూళ్లను గమనించి రాసిన వ్యాసమే ఆయనకు నామ్ తెచ్చింది. ఆ రోజుల్లోనే రియాసత్‌లకు ఒక పేష్‌కష్ చేశారు: నాకు తన్‌ఖా వద్దు, డేరాలకు, ప్రయాణానికి, మనుషులకు అయ్యే ఖర్చు మీరు పెట్టుకోండి, మీ రాజ్యంలో ఏ పిట్ట ఎక్కడుందో నేను రాసిస్తాను. మొదట హా అన్నది నిజాం హుకూమత్. ఆ తర్వాతే తిరువాన్కూరు, కొచ్చిన్, ఇందౌర్, భోపాల్, గ్వాలియర్, మైసూరు, బహావల్‌పూర్ వగైరా.

అప్పటి హైదరాబాద్ రాజ్యం అంటే 82 వేల చదరపు మైళ్లకు పైమాటే. తెలంగాణతో పాటు మరాఠ్వాడా, ఇటు బీదర్, గుల్బర్గా, రాయచూర్ కూడా. అన్ని జిల్లాల్లో పక్షులను ఒక పద్ధతి ప్రకారం ఎవరూ రాసిందే లేదు. సలీం అలీ తుపాకీతో కొట్టి, చర్మం తీసి, దూది కూరి, కాలికి చీటీ కట్టేవారు. చీటీ మీద ఊరు, తారీఖు, ఆడో మగో, గుడ్లు పెట్టే రుతువులో ఉందో లేదో. ఆ జమానాలో రికార్డు అంటే చేతిలో పిట్ట ఉండాలి, కంటితో చూశానంటే చాలదు. చంపకుండా చూడటం, రాయడం తర్వాత వచ్చిన రివాజు. అయితే సలీం అలీ చర్మాలతో ఆగలేదు. పిట్ట ఏం తింటోంది, ఏ చెట్టు మీద కూర్చుంది, ఎలా కూస్తోంది, జంటగా ఉందా గుంపుగా ఉందా, అవీ రాశారు. నాకు ఆయన గొప్పతనం అక్కడే కనబడుతుంది.

నమూనాలను పరీక్షించింది ఇంగ్లండ్‌లో ఉన్న హ్యూ విస్లర్. పంజాబ్‌లో పోలీసు అఫ్సర్‌గా చేసి రిటైరైన మనిషి, హిందుస్తాన్ పిట్టల మీద అప్పటికే పేరున్న కితాబు రాసినవాడు. ఇద్దరి రాతలూ కలిపి బొంబాయి సొసైటీ జర్నల్‌లో 1933-34లలో ఐదు భాగాలుగా వచ్చాయి.

మదర్సాలో హదీసు చదివినవాళ్లకు ఈ తరీఖా వెంటనే అర్థమవుతుంది. మాట ఎంత మంచిదైనా, దాని సనద్ ఏమిటి, రావీ ఎవరు, నమ్మదగినవాడేనా అని అడగకుండా ముహద్దిసులు తీసుకోలేదు. పిట్టల రికార్డూ అంతే. ఎవరు చూశారు, ఎక్కడ, ఎప్పుడు? సలీం అలీ రావీ అయితే విస్లర్ జర్హ్ చేసేవాడు. అహ్లే ఇల్మ్ ఎవరైనా ఈ పోలికలో తేడా చెబితే వింటాను గానీ, నాకు ఇది బాగానే కుదిరినట్టుంది.

సనద్‌లో ఝూట్ కలిస్తే ఏమవుతుందో కూడా పిట్టల తారీఖులోనే ఉంది. కర్నల్ రిచర్డ్ మైనర్ట్‌జాగెన్ అనే అంగ్రేజు పక్షి శాస్త్రంలో పెద్ద పేరు. 1937లో సలీం అలీ ఆయనతో అఫ్ఘానిస్తాన్ దాకా వెళ్లారు. మధ్య భారతంలో ఉండే అడవి పైడికంటె అనే చిన్న గుడ్లగూబ నమూనాను 1914లో గుజరాత్‌లో తానే తీశానని చీటీ కట్టాడు మైనర్ట్‌జాగెన్. ఆ చీటీని నమ్మి వెతికినవాళ్లకు గుడ్లగూబ దొరకలేదు. అసలు సంగతి, ఆ నమూనా 1880ల నాటిది. మ్యూజియం నుంచి దొంగిలించి, కూరిన తీరు మార్చి, కొత్త చీటీ కట్టాడు. పమేలా రాస్‌ముసెన్ ఆ మోసం బయటపెట్టి, పాత సచ్చా చీటీల్లో ఉన్న ఊళ్ల దారి పట్టింది. 1997 నవంబర్‌లో మహారాష్ట్రలో షహాదా దగ్గర గుడ్లగూబ కనబడింది. 1884 తర్వాత మొదటిసారి. ఒక్క ఝూటీ చీటీ ఎంతమందిని ఎన్నేళ్లు తప్పు అడవుల్లో తిప్పిందో చూడండి.

మన వైపు కలివికోడి కిస్సా దీనికి ఉల్టా. 1848లో మద్రాసు ఫౌజు డాక్టర్ జెర్డన్ దాన్ని లోకానికి చెప్పాడు. (ఆయన కితాబులో చాలా పిట్టలకు హిందుస్తానీ పేరుతో పాటు తెలుగు పేరు కూడా ఉంటుంది. ఆ ఒక్క పనికైనా సలాం చేయాలి.) 1900లో అనంతపురం దగ్గర కనబడ్డాక మాయమైంది. ఖతం అనే అనుకున్నారు. కడప జిల్లాలో కలివి పొదల పక్కన బతికే షికారీలకు మాత్రం అది తెలిసిన పిట్టే. వాళ్లను అడగాలన్న ఖయాల్ రావడానికే ఇన్నేళ్లు పట్టింది. 1986 జనవరిలో బొంబాయి సొసైటీకి చెందిన భరత్ భూషణ్ వెతుకుతుంటే, అక్కడి మనిషి ఒకడు రాత్రి దీపం వెలుగులో పట్టుకొచ్చాడు. అప్పటికి సలీం అలీకి 89 ఏళ్లు. మరుసటి ఏడాది, 1987లో, ఆయన ఇంతకాల్ అయ్యారు.

కలివికోడి రాత్రిపూటే తిరుగుతుంది, కంటికి దొరకదు. అందుకని పొదల మధ్య మెత్తటి మట్టి పట్టీలు పరిచి, పొద్దున్నే అడుగుజాడలు చూసి రాసుకునేవారు. తర్వాత తెలుగుగంగ కాలువ ఆ పొదల మీదుగా వస్తుంటే ఆ రికార్డులే గవాహీ చెప్పాయి. కాలువ దారి మార్చారు.

తెలంగాణలో దీన్ని ఎవరికైనా ఒక్క మాటలో చెప్పొచ్చు: పహాణీ. భూమి ఎవరి కబ్జాలో ఉంది, ఏ పంట వేశారు అని పట్వారీ ఏటేటా రాసేది. మాట మీద తగాదా వస్తే పాత పహాణీ తీస్తారు. హైదరాబాద్ సర్వే పిట్టల పహాణీ. నిజాంసాగర్ పూర్తయిన రోజుల్లోనే జరిగింది, నాగార్జునసాగర్, జాయక్వాడీ ఇంకా లేవు. 1956లో రాజ్యం మూడు ముక్కలై మూడు రాష్ట్రాల్లో కలిసింది. సరిహద్దులు మారాయి, నీళ్లు మారాయి, గడ్డి బీళ్లు పొలాలయ్యాయి, పొలాలు ప్లాట్లయ్యాయి. ముందు ఏముండేదో చెప్పమంటే ఈ ఐదు భాగాలు తెరవాల్సిందే.

ఇది అంగ్రేజుల నుంచి నేర్చుకున్న విద్య అని కొందరంటారు. పూర్తిగా కాదు. జహాంగీర్ పాదుషా తన దగ్గరున్న సారస్ కొంగల జంటకు లైలా, మజ్నూ అని పేర్లు పెట్టాడు. అవి ఎప్పుడు గుడ్లు పెట్టాయి, ఎవరు ఎంతసేపు పొదిగారు, పిల్లలు ఎన్ని రోజులకు బయటికొచ్చాయి అని లెక్కగా రాయించాడు. ఆయన ముసవ్విర్ ఉస్తాద్ మన్సూర్ సైబీరియా కొంగను ఈక ఈక గీశాడు. సలీం అలీకి ఇదంతా తెలుసు. హైదరాబాద్ రావడానికి ముందే, 1927-28లో, మొఘల్ పాదుషాలు ప్రకృతిని గమనించిన తీరు మీద అదే జర్నల్‌లో వ్యాసాలు రాశారు. ఆయన నమాజు పాబందా కాదా అన్నది నా మౌజూ కాదు, అది ఆయనకూ అల్లాహ్‌కూ మధ్య మామలా. ఆయన తన విరాసత్ ఏదో ఎరిగిన మనిషి అని మాత్రం చెప్పగలను.

ఇప్పుడు తుపాకీ అక్కర్లేదు. 1987 నుంచి ఏటా జనవరిలో ఆసియా దేశాల్లో చెరువుల మీద పిట్టలను లెక్కపెడుతున్నారు. దూర్బీన్, కలం, ఓపిక ఉంటే చాలు. మా ఇంట్లోనూ ఒక నోట్‌బుక్ పెట్టాం. తారీఖు, వక్త్, జగహ్, ఎన్ని, ఎవరు చూశారు. పిల్లల కోసం ఇంకో రెండు గళ్లు కలిపాను: తెలుగు పేరు, ఉర్దూ పేరు. పసులపోలిగాడు పక్కన కొత్వాల్ అని రాశారు, కాకిని తరిమే ధీమా చూస్తే ఆ పేరు ఎందుకొచ్చిందో తెలుస్తుంది. తీతువు పక్కన టిటీరీ. గిజిగాడికి బయా. పాలపిట్టకు నీల్‌కంఠ్. హుద్‌హుద్ ముందు తెలుగు గడి మాత్రం ఇంకా ఖాళీగానే ఉంది. సులైమాన్ అలైహిస్సలాంకు సబా కబురు తెచ్చిన పిట్ట అని పిల్లలకు చెప్పాం, తల మీద తాజ్ చూసి వెంటనే గుర్తుపట్టారు కూడా. నల్గొండ, కర్నూలు, గుంటూరు వైపు మీ నానీ, దాదీ దాన్ని తెలుగులో ఏమనేవారో, ఏ ఊళ్లో అనేవారో ఊరి పేరుతో సహా రాసి పంపండి.