నంబరు లేని ఇళ్లు

2018 జూన్ 1, శుక్రవారం. సొంతిళ్లను పర్యాటకులకు అద్దెకివ్వడంపై జపాన్ చేసిన కొత్త చట్టం అమల్లోకి రావడానికి ఇంకా రెండు వారాలే గడువు. ఆ రోజు అక్కడి పర్యాటక శాఖ నుంచి, ఆన్‌లైన్‌లో ఇళ్లు అద్దెకు చూపే ఎయిర్‌బీఎన్‌బీ లాంటి సంస్థలకు తాఖీదు వెళ్లింది. అనుమతి నంబరు లేని ఇళ్లలో జూన్ 15 నుంచి దిగాల్సిన వాళ్ల బుకింగులు రద్దు చేయాలన్నది దాని సారాంశం.

ఎయిర్‌బీఎన్‌బీ ఉలిక్కిపడింది. కొత్త బుకింగులు ఆపమంటే సరే. ఎప్పుడో డబ్బు కట్టి, విమానం టికెట్లు కొనుక్కుని కూర్చున్నవాళ్ల సంగతేంటి? అధికారులు మొదట చెప్పిందొకటి, ఇప్పుడు చెబుతున్నదొకటి అని బహిరంగంగానే వాపోయింది. వాపోయినా పాటించక తప్పలేదు.

ఇంతదాకా ఎందుకొచ్చింది? 2017లో జపాన్‌కు వచ్చిన విదేశీయులు 2.86 కోట్ల పైచిలుకు. ఖాళీ ఫ్లాట్లు చకచకా ఆన్‌లైన్‌కెక్కాయి. చాలావాటికి ఏ లైసెన్సూ లేదు. అర్ధరాత్రి మెట్ల మీద సూట్‌కేసుల చప్పుడు, ఏ రోజు ఏ చెత్త బయట పెట్టాలో తెలియని అతిథులు. ఇరుగుపొరుగుకు కంటిమీద కునుకు కరవైంది. ఫిర్యాదులు పెరిగాయి. 2017 జూన్‌లో పార్లమెంటు చట్టం చేసింది. ఏడాదికి 180 రోజులకు మించి ఇల్లు అద్దెకివ్వకూడదు. క్యోటో నగరమైతే నివాస ప్రాంతాల్లో జనవరి మధ్య నుంచి మార్చి మధ్య దాకానే అంటూ ఇంకా బిగించింది.

నంబరు కోసం ఇంటి ప్లాను, రిజిస్ట్రేషన్ పత్రాలు పట్టుకుని తిరగాలి. అగ్నిమాపక నిబంధనలు పాటించాలి. అపార్ట్‌మెంటయితే నివాసుల సంఘం నియమాలు అడ్డు రావని చూపాలి. అద్దెకున్నవాళ్లయితే ఓనరు ఒప్పుకోవాలి. అన్నీ కుదిరితే 'ఎం' అక్షరంతో మొదలయ్యే నంబరు చేతికొస్తుంది. అది ఆన్‌లైన్ ప్రకటనలో కనిపించాలి, ఇంటి బయట బోర్డు పెట్టాలి. 2018 మార్చి 15 నుంచే దరఖాస్తులు తీసుకున్నారు. కానీ చాలా సంఘాలు ససేమిరా అన్నాయి. కాగితాల చిట్టా చూసి కొందరు వెనక్కి తగ్గారు. గడువు ముంచుకొచ్చేసరికి నంబరున్నవాళ్లు కొద్దిమందే.

జూన్ మొదటి వారంలో వేటు పడింది. అంతకుముందు 60 వేలు దాటిన ఎయిర్‌బీఎన్‌బీ ప్రకటనలు 14 వేల లోపుకు పడిపోయాయి. నిన్న ఫొటోలతో సహా కనిపించిన ఇల్లు ఇవాళ వెతికినా దొరకలేదు. 7వ తేదీన సంస్థ అసలు కబురు చెప్పింది. నంబరు లేని ఇళ్లలో 15 నుంచి 19 దాకా ఉన్న బుకింగులన్నీ రద్దు. ఆ తర్వాతి వాటికి కూడా, అతిథి దిగడానికి 10 రోజుల ముందుకల్లా నంబరు రాకపోతే అంతే సంగతులు. పూర్తి డబ్బు వాపసు, పైన కూపన్లు, నష్టపోయినవాళ్ల కోసం కోటి డాలర్ల నిధి ప్రకటించింది. డబ్బు సరే, పది రోజుల్లో ప్రయాణం పెట్టుకుని టోక్యోలో మరో గది ఎక్కడ వెతుక్కోవాలి?

నంబరు తీసుకోనిది యజమాని. ఏళ్ల తరబడి అలాంటి ప్రకటనలు మోసింది వెబ్‌సైట్లు. చివరి క్షణంలో కళ్లు తెరిచింది ప్రభుత్వం. ఇరుక్కున్నది మాత్రం డబ్బు కట్టినవాడు.

మన దగ్గర పేరు వేరు, సూత్రం ఒకటే. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా) ప్రకారం 500 చదరపు మీటర్ల స్థలం లేదా 8 ఫ్లాట్లు దాటిన కొత్త ప్రాజెక్టును నమోదు చేయకుండా ప్రకటన కూడా ఇవ్వకూడదు. ఇచ్చే ప్రకటనలో నమోదు నంబరు, రెరా వెబ్‌సైటు చిరునామా స్పష్టంగా ఉండాలి. నమోదు చేయకుండానే ప్రకటన ఇస్తే ప్రాజెక్టు అంచనా వ్యయంలో 10 శాతం దాకా జరిమానా పడొచ్చు. ఫోన్‌లో 'ప్రీ లాంచ్ ఆఫర్' కనిపిస్తే ముందు ఆ నంబరు అడగండి. ఇస్తే మీ రాష్ట్ర రెరా వెబ్‌సైటులో కొట్టి చూసుకోండి. 'త్వరలో వస్తుంది' అన్నారా, వచ్చాకే రమ్మనండి. అప్పటిదాకా రూపాయి కూడా కట్టకండి.