హాస్యచిత్రములలో స్త్రీ ఆత్మగౌరవము

నవ్వించు కథ తేలికైనదనియు, ఏడిపించు కథయే ఘనమైనదనియు తలచువారు కలరు. ఆంధ్ర సాహిత్యచరిత్ర ఈ తలంపును సమర్థింపదు. పసిబాలికలను ముసలివరులకు అమ్ముకొను దురాచారమును గురజాడ అప్పారావుగారు ‘కన్యాశుల్కము’లో నవ్వుతోనే చెండాడిరి. 1892లో ప్రదర్శింపబడి 1897లో అచ్చైన ఆ నాటకమున బుద్ధిబలముచే అందరిని మించినది వేశ్యయైన మధురవాణి. తెలుగు హాస్యచిత్రములకు దొరకిన పిత్రార్జితమిది.

కన్యాశుల్కము సన్నగిల్లి వరశుల్కము ప్రబలినది. కాళ్ళకూరి నారాయణరావుగారి ‘వరవిక్రయము’ను సి. పుల్లయ్యగారు 1939లో చలనచిత్రముగా తీసిరి. భానుమతిగారికి అదియే తొలిచిత్రము. ఆమె ధరించిన కాళింది పాత్ర, తనకై తండ్రి కట్నమిచ్చుటకు సహింపక ప్రాణత్యాగము చేయును. చెల్లెలు కమల మాత్రము బ్రతికి పోరాడును. సొమ్మిచ్చి కొన్న వరుడు తమ సొత్తేయని వాదించి మామగారిని నవ్వులపాలు చేయును. అక్క మరణము ప్రేక్షకులను ఏడిపించినది; చెల్లెలి వాదము వారిని ఆలోచింపజేసినది.

పదుమూడేండ్లకు, 1952లో, ఎల్.వి. ప్రసాదుగారి దర్శకత్వమున వచ్చిన విజయావారి ‘పెళ్ళిచేసిచూడు’లో కాళింది మార్గము కనబడదు. కట్నము ముట్టలేదని వరుని తండ్రి కుమారుని పెండ్లిపందిటినుండి లాగుకొనిపోవును. వధువైన అమ్మడు నూతిలో దూకదు. భర్త పిచ్చివానివలె నటింపగా, నర్సు వేషమున తన అత్తవారింట తానే ప్రవేశించును. కట్నమునకు ఆశపడిన మామగారే ఇచట హాస్యమునకు గురియగును.

1954 నాటి ‘చక్రపాణి’ చిత్రమున ముదిమనుమనికై తాతగారు పడు తహతహ నవ్వుల పాలైనది. అందు నటించిన భానుమతిగారే సంగీతమును సమకూర్చిరి. అంతకు ముందటి యేడు ఆమె ‘చండీరాణి’ని మూడు భాషలలో స్వయముగా దర్శకత్వము వహించి తీసిరి. తెరమీదనే గాక తెరవెనుకను స్త్రీకి చోటున్నదని నిరూపించిరి.

వీనన్నిటికిని తలమానికము 1955 జనవరిలో విడుదలయైన ‘మిస్సమ్మ’. మేరీ పట్టభద్రురాలు. ఇంటి అప్పు తీర్చుటకు ఆమెకు ఉద్యోగము కావలెను. అప్పిచ్చిన డేవిడ్ బాకీకి బదులు పెండ్లి కోరును. అప్పాపురములోని బడికి పట్టభద్రులైన దంపతులే కావలెనని జమీందారు ప్రకటించును. అందుచే అన్యమతస్థుడైన యొక నిరుద్యోగితో కలిసి ఆమె దాంపత్యము నటింపవలసివచ్చినది. చిత్రములోని నవ్వంతయు ఈ నిబంధననుండియే పుట్టినది. ఒంటరి స్త్రీ చదువునకు విలువలేదు. పేరునకైనను ప్రక్కన మగడుండవలెను! మేరీ జీతమునకై నటించునే గాని తన మతమును, తన మాటను విడువదు. హద్దు మీరిన చనువును సహింపదు. ఆమె కోపమునకు ప్రేక్షకులు నవ్విరి. ఆ కోపము న్యాయమైనదని గ్రహించిరి. మేరీగా నటించిన సావిత్రిగారే ఆ యేటనే ‘కన్యాశుల్కము’ చిత్రమున మధురవాణి పాత్రను ధరించుట గమనింపదగిన విషయము.

అయినను ఈ చిత్రముల పరిమితులను మరుగుపరచరాదు. మేరీ తుదకు జమీందారుగారి తప్పిపోయిన కుమార్తె మహాలక్ష్మిగా తేలును. చదువుచే గాక పుట్టుకచే ఆమె చిక్కులు విడును. 1962 నాటి ‘గుండమ్మ కథ’లో, మహానటులిరువురున్నను, చిత్రమునకు సూర్యకాంతముగారి పాత్ర పేరే పెట్టిరి. ఇల్లు, సొమ్ము తన చేతులమీదుగా నడపు వితంతువు గుండమ్మ. కాని ఆమె కుమార్తె సరోజ గర్వమును భర్త అణచుటయే అందు వినోదమైనది. పురుషుని గర్వమును అట్లు అణచు కథలు అరుదు.

వరకట్న నిషేధ చట్టము 1961లో వచ్చినది. ‘పెళ్ళిచేసిచూడు’ అంతకు తొమ్మిదేండ్ల ముందే ఆ దురాచారమును పరిహసించినది. చట్టము వచ్చియు, నవ్వు వచ్చియు, కట్నము నేటికిని పోలేదు. కావున ఈ చిత్రములను మరల చూచువారు నవ్వి ఊరకుండరాదు. తమ యింటి పెండ్లిపందిటిలో ఆ మామగారి స్థానమున ఎవరు కూర్చున్నారో కూడ చూచుకొనవలెను. కుమార్తెకు చదువు చెప్పించి ఆమె మాటకు విలువనిచ్చు ఇంటనే మిస్సమ్మ కథ సార్థకమగును.